నలభై దినాల బెట్ట

ప్రొద్దుటూరులో మిద్దె మీదికి నీళ్ళు మోయడమంత బుద్ధిలేని పని ఇంకొకటి లేదని గురవమ్మ రోజూ అనుకునేది, రోజూ మోసేది. కొళాయి నీళ్ళు కింద తొట్టి వరకే వస్తాయి. అక్కడి నుంచి ఇరవై రెండు మెట్లు, రెండు చేతుల్లో రెండు బకెట్లు. పైన తొమ్మిది నీలం డ్రమ్ముల్లో జామ, దానిమ్మ, సీతాఫలం, ఒక అంజూర ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ చెట్లు ఆమెవి కావు, ఆ మిద్దె ఆమెది కాదు. మోకాళ్ళ నొప్పి మాత్రం ఆమె సొంతం.

ఇల్లు నబీ రసూల్‌ది. కింద ముందుగదిలో పరుపులు కుడతాడు. ఊరంతా ఫోము పరుపులకు ఎగబడుతున్నా, పాత దూది విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకునే మొండివాళ్ళు కొందరు ఇంకా మిగిలి ఉన్నారు కాబట్టి అతనికి రోజు గడుస్తోంది. చెట్లు అతని భార్య మైమూన్‌వి. మైమూన్ కువైట్‌లో ఒక ఇంట్లో వంటకు కుదిరి నాలుగేళ్ళయింది. రెండేళ్ళకొకసారి సెలవు ఇస్తామన్నారు. మొదటి రెండేళ్ళు నిండేసరికి ఆ ఇంటి పెద్దామె కాలు విరగ్గొట్టుకుంది. రెండో రెండేళ్ళు నిండినా ఆ కాలు సాకే నడుస్తోంది. ఆ పెద్దామెకు మైమూన్ తప్ప ఇంకెవరు అన్నం పెట్టినా సయించదట. మంచితనం కూడా మనిషిని కట్టిపడేస్తుందని గురవమ్మకు అప్పుడే తెలిసింది.

గురవమ్మ ఆ ఇంటి వెనక ఒంటిగదిలో బాడుగకు ఉంటుంది. చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతుంది. ఎనిమిదేళ్ళ కిందట తొండూరు పక్క పల్లె నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చింది. అంతకుముందు మూడు వందల చీనీ చెట్ల, అంటే బత్తాయి చెట్ల, తోటకు యజమానురాలు. మొగుడు పోయాక పదేళ్ళు ఒంటిచేత్తో ఆ తోట సాకింది. పులివెందుల మండీలో గురవమ్మ కాయ అంటే పేరుండేది. తర్వాత బోరు ఎండిపోయింది, తోట ఎండిపోయింది. ఎవరడిగినా ఈ రెండు మాటలే చెప్పేది. బోరు ఎండిన కథలు ఆ సీమలో ఇంటికొకటి ఉంటాయి కాబట్టి మూడో మాట ఎవరూ అడగలేదు.

వచ్చిన రెండో రోజే గురవమ్మ మిద్దె మీద జామచెట్టు కొసలు గిల్లుతూ మైమూన్‌కు దొరికిపోయింది.

"ఏందక్కా, నా చెట్టుకేం పని పడింది నీకు?" అంది మైమూన్, తడి బట్టల బుట్ట దించుకుంటూ.

"గిల్లకపోతే పైకి పోతాది గానీ కాయదు."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసులే. మూడు నెల్లు ఆగు."

మూడు నెలలకు కొమ్మకు నాలుగు కాయలు పడ్డాయి. అప్పటి నుంచి మైమూన్‌కు డాక్టరు మాట కంటే గురవమ్మ మాట మీద గురి. ఒకరు చీర, ఒకరు బురఖా వేలాడదీసుకుని, మిద్దె మీద ఎరువు పిసుకుతూ నాలుగేళ్ళు గడిపారు. తోట పోయాక గురవమ్మకంటూ మిగిలింది ఆ చేతివాటం ఒక్కటే. దాన్ని గౌరవించిన మనిషి మైమూన్ ఒక్కతే. అందుకే ఆమె కువైట్‌కు పోయిన రోజు గురవమ్మ చెట్లకు రెండోసారి నీళ్ళు మోసింది.

పోయినా స్నేహం పోలేదు. సాయంత్రం నాలుగైతే ఫోను. అక్కడ పెద్దామె కునుకు తీసే వేళ అది. గురవమ్మ డ్రమ్ము డ్రమ్ముకూ ఫోను చూపిస్తుంది, మైమూన్ కళ్ళతోనే తింటుంది. ఒకసారి ఊరి మనిషి ఒకడు కువైట్‌కు పోతుంటే ఆరు పచ్చి సీతాఫలాలు గుడ్డలో చుట్టి అతని సూట్‌కేసులో పెట్టించింది. విమానం ఆలస్యమై, ఎక్కడో ఒక రోజంతా పడిగాపులు పడి, చేరేసరికి ఆరూ మాగి అతని కొత్త చొక్కాలన్నీ గుజ్జు చేశాయి. ఆ చొక్కాలు మైమూనే ఉతికి ఇచ్చింది. గుజ్జు మటుకు వదిలిపెట్టలేదట, వేలితో తీసుకుని తిన్నదట.

కిందటి కార్తీకంలో మైమూన్ ఒక కొత్త చెట్టు చూపించింది. వంటింటి వెనక గోడ పక్కన నిలువెత్తు నారింజ. చీనీకి అక్కాచెల్లెళ్ళ వరస. ఆకు దట్టంగా, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఇది మా మామా మొగుడు పెట్టిన చెట్టక్కా. ఆయన పోయి ఆరేండ్లు. ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదు." కువైట్ ఇళ్ళలో యజమానురాలిని మామా అంటారు. మొదట్లో గురవమ్మకు నవ్వొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది. "తీసేసి ఖర్జూరం పెడతామంటాండాడు కొడుకు. మామా ఒప్పుకోలేదు. నేనేమో నోరు జారి, మా ఊర్లో మా అక్క ఉండాది, ఎట్లాంటి చెట్టునైనా పూయిస్తాది అని చెప్పేసినా."

"చెప్తే ఏమనింది?"

"ఇది పూసిన దినం నేనే నా కొడుకుతో చెప్పి నిన్ను రెండు నెల్లు మీ ఊరికి పంపిస్తా అనింది." మైమూన్ గొంతు తగ్గింది. "నగుసాటుకు అనిందేమో అనుకున్యా. మళ్ళా అడిగినా. కురాను మీద చెయ్యి పెట్టి చెప్పిందక్కా."

గురవమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ఫోను దగ్గరికి తీసుకుంది. ఎంత ఎత్తు, మాను ఎంత లావు, కొత్త ఇగురు ఎప్పుడు వేసింది, పురుగు పట్టిందా, నీళ్ళు ఎన్నిసార్లు పెడుతున్నావు అని వరసగా అడిగింది.

"దినానికి రెండు తూర్లు."

"అదీ సంగతి. కడుపునిండా తాగి పండుకుంటాంది. కష్టం తెలిస్తే గదా పూసేది." గురవమ్మకు చాలా రోజుల తర్వాత వెన్ను నిటారుగా నిలబడింది. "బెట్టకు వదలల్ల. నీళ్ళు పూర్తిగా ఆపు. నలభై దినాలు. ఆకు ముడుచుకుంటాది, పసుపు తిరుగుతాది, సగం రాలుతాది. భయపడొద్దు. అప్పుడు పాదు తవ్వి, ఎరువేసి, నిండుగా నీళ్ళు పెడితే పదైదు దినాల్లో ఆకు కనపడకుండా పూస్తాది. మా తోటలో ప్రతి యేడు ఇదే పని."

తోటలు కాసే ఆ ప్రాంతమంతటా అదే పద్ధతి. చలికాలం చెట్టును దాహంతో మాడ్చి, ఇక చస్తానేమోనని అది భయపడ్డాక నీళ్ళు వదులుతారు. బతుకు మీద తీపితో విరగబూస్తుంది. మొరటు విద్య. కానీ వాళ్ళకు అన్నం పెట్టిన విద్య.

డిసెంబరు మొదటి వారంలో మైమూన్ నీళ్ళు ఆపింది. కింద నబీ రసూల్ సంగతి తెలుసుకుని ఏమీ అనలేదు గానీ, వారం తిరక్కుండా పడకగదికి సున్నం వేయించాడు. పొద్దున మెట్ల దగ్గర గురవమ్మ ఎదురైతే ఒకటే ప్రశ్న. "ఎన్నో దినమక్కా?"

"పదకొండు, రసూలప్పా." "పదునాలుగు." "ఇంకా శానా ఉంది, నువ్వు పరుపు కుట్టుకోపో."

ఇరవయ్యో రోజు మైమూన్ ఫోటో పంపింది. ఆకులు దొన్నెల్లాగా ముడుచుకుని ఉన్నాయి. గురవమ్మ భయపడొద్దని చెప్పింది. ఇరవై ఏడో రోజు ఇంకో ఫోటో వచ్చింది. అందులో ఆకు పసుపు తిరగలేదు, రాలలేదు. పచ్చగా ఉన్నది ఉన్నట్టే ఎండి కొమ్మను పట్టుకుని ఉంది. లేత కొమ్మల కొసలు నల్లబడ్డాయి. బెట్టకు వచ్చిన చెట్టు ఆకు రాలుస్తుంది. చచ్చే చెట్టు ఆకు రాల్చదు. ఆ తేడా ఆమెకు తెలుసు. ఎక్కడ చూసిందో కూడా తెలుసు, కానీ అటు తలచుకోవడం ఆమె ఎనిమిదేళ్ళుగా మానుకుంది.

"ఎట్లుందక్కా? సరిగ్గానే పోతాందా?" అని అడిగింది మైమూన్.

"రేపు చెప్తా" అంది గురవమ్మ. ఆ ఇద్దరి మధ్య రేపు అన్న మాట రావడం అదే మొదలు.

మరునాడు పొద్దున్నే చెట్లకు నీళ్ళు పోసి బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని, జమ్మలమడుగులో బస్సు మారి, ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టింది. తొండూరు వస్తుందనగా లేచి ఎడమ పక్క సీటులోకి మారి కూర్చుంది. కుడి పక్కన తన పాత పొలం. ఎవరో కొనుక్కుని శనగ వేశారని విన్నది. చూసి ఏం చేస్తుంది. ఒళ్ళంతా అలసటగా ఉంది. ఒక్క రోజులో వచ్చిన అలసట కాదది.

పులివెందులలో గోపీకృష్ణ డ్రిప్పు పైపుల అంగడి పెట్టుకున్నాడు. ఒకప్పుడు అతని తోటా, గురవమ్మ తోటా గట్టుకు అటొకటి, ఇటొకటి. అతని తోట ఇప్పటికీ కాస్తోంది. గురవమ్మను చూసి లేచి కుర్చీ వేశాడు, టీ చెప్పాడు.

"ఇంత దూరం నడుములు ఇరగ్గొట్టుకోని వచ్చినావు, ఏంది అత్తా?"

ఆమె ఫోను ఇచ్చి సంగతి చెప్పింది. అతను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చెట్టును చూడలేదు. చెట్టు కింద చూశాడు.

"మన్ను ఎట్లాంటిది?"

గురవమ్మ మైమూన్‌ను మాను లావు అడిగింది, పురుగు సంగతి అడిగింది, మన్ను అడగలేదు. తొండూరులో మన్ను సంగతి ఎవరూ ఎవరినీ అడగరు. పుట్టినప్పటి నుంచి కాళ్ళ కింద ఉండేది ఒకటే మన్ను. ప్రపంచమంతా అదే పరిచి ఉంటుందని అనుకున్నట్టు, పోయి పోయి కువైట్‌కు నలభై దినాలు చెప్పింది.

"అడగలేదు గోపీ."

"ఇది ఉత్త ఇసక అత్తా. మన నేల నలభై దినాలు తేమ పట్టుకుంటాది. ఇసకలో పదైదు దినాలు దాటితే వేరు మాడిపోతాది. ఈ పొద్దే నీళ్ళు పెట్టమను. ఒకేసారి కాదు, కొంచెం కొంచెం."

"ఇప్పుడు పెడితే పూస్తాదా?"

"ఈ యేడు ఇంక పూత మాట మర్చిపో. బతికితే అదే మేలు."

టీ వచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని కూర్చుంది. గోపీకృష్ణ కాసేపు పైపుల కట్టలు సర్దినట్టు నటించి, తర్వాత అన్నాడు. "ఆ యేడు నీ తోటకాడ కూడా గట్టు మీద నిలబడి చెప్పినా అత్తా. నలభై దినాలు దాటె, మోటారు వెయ్యి అని. ఇంకొక పది దినాలు ఆగితే పూత ఇంకా బాగొస్తాది అంటివి. ఆ పది దినాలూ మేము నలుగురం చుట్టూ మోటార్లు ఆపకుండా తోడుకుంటిమి. నువ్వు తోడని నీళ్ళే మా బోర్లకు వచ్చినాయేమో. నువ్వు స్టార్టరు నొక్కేసరికి నీ బోర్లో గాలి తప్ప ఏం రాకపాయె." అతను ఆమె వైపు చూడలేదు. "అందరికీ బోరు ఎండిందనే చెప్తాండావని విన్నా. నేను యాడా నోరు తెరవలేదులే."

ఎనిమిదేళ్ళుగా ఆమె దాచిన మూడో మాట అదే. బోరు ఎండింది నిజమే. కానీ ఆశకు పోయి పది రోజులు ఆపింది తనే. ముందే మోటారు వేసి ఉంటే సగం తోటైనా తడిసేది. గురవమ్మకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఇన్నాళ్ళూ మోసిన ఈ బరువు ఇంకొకరికి ముందే తెలుసని విని ఎంత వృథాగా మోశానా అని విసుగేసింది. టీ తాగకుండానే లేచింది.

బస్టాండులో అరుగు మీద కూర్చుని నాలుగయ్యేదాకా ఆగి ఫోను చేసింది.

"మైమూనా, ఇప్పుడే పోయి చెట్టుకు నీళ్ళు పెట్టు. ఒక బకెట్టు. రేపు ఇంకొకటి."

"ఈ పొద్దుకు ఇరవై ఎనిమిదే కదక్కా."

"నాది తప్పు. అది ఇసక నేల. చెట్టు చచ్చిపోతాంది."

"పూత వస్తాదా మరి?"

"రాదు."

మైమూన్ నెమ్మదిగా అంది. "నేను పోయనక్కా."

"పోయకపోతే ఎట్ల?"

"నలభై దినాలని నువ్వే చెప్తివి. ఇంక పన్నెండే కదా ఉండేది. నాలుగేండ్లు ఆగినా, పన్నెండు దినాలు ఆగలేనా? చెట్టు మొండిదక్కా. పూస్తాది. నాకు తెలుస్తాంది."

గురవమ్మ కళ్ళు మూసుకుంది. ఆ గొంతు తనది. గట్టు మీద గోపీకి తను చెప్పిన జవాబు అది, మాట మాటా అదే. ఇక దాచి లాభం లేదు. బస్సుల హారన్ల మధ్య, పక్కన కూర్చున్న మనిషి వింటున్నా లెక్కచేయకుండా, పది రోజుల సంగతి అంతా చెప్పింది. స్టార్టరు నొక్కిన పొద్దు, పైపులో నుంచి వచ్చిన గాలి చప్పుడు, ఆకు రాల్చకుండా ఎండిన మూడు వందల చెట్లు.

"బోరు కాదు మైమూనా నా తోటను చంపింది. నేనే. ఇన్నేండ్లూ నీకు కూడా అబద్ధం చెప్పినా. నా మాట నమ్మొద్దు అని చెప్పేదానికి మొగం లేదు. ఈ ఒక్క మాట నమ్ము. నీళ్ళు పెట్టు."

అటు ఏదో గంట మోగింది, పెద్దామె పిలుపు కావచ్చు. ఫోను ఆగిపోయింది.

ఇంటికి చేరేసరికి నబీ రసూల్ గుమ్మంలోనే దూది పోగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పకముందే చెప్పేసింది. "పూయదు, రసూలప్పా. నా తెలివితక్కువ."

అతను సూది బట్టలో గుచ్చి ఆపాడు. "అయితే సెలవు లేనట్టేనా?"

"లేనట్టే."

"సున్నం వేయిస్తి కదక్కా" అన్నాడు. కోపం లేదు, నిందా లేదు. కాసేపటికి సూది తీసుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే గురవమ్మకు కాస్త హాయిగా ఉండేది.

ఐదు రోజులు ఫోను రాలేదు. నాలుగవుతూనే మిద్దె మీదికి పోయి, ఫోను చేతిలో పట్టుకుని డ్రమ్ముల మధ్య తిరిగి దిగేది. తను చేయలేదు. చేసి ఏమని అడుగుతుంది? చెట్టు చచ్చిందా అని అడగాలా, స్నేహం చచ్చిందా అని అడగాలా? ఊళ్ళో బంధువులున్నారు, జమ్మలమడుగులో కూతురు పద్మశ్రీ ఉంది, కానీ ఆ వేళకు మాట్లాడాలనిపించే మనిషి ఒక్కతే. ఆమె దూరమైందనుకుంటే నీళ్ళ బకెట్టు రెండింతలు బరువెక్కింది.

ఆరో రోజు ఫోను మోగింది.

"బతికిందక్కా" అంది మైమూన్. గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వు చెప్పిన సాయంత్రమే పెట్టినా. పెట్టేటప్పుడు శానా ఏడ్చినా. నిన్న మాను మీద చిన్న ఇగురు కనపడింది. మిగతాదంతా ఎండుపుల్లే."

"ఇంట్లో చూసినారా?"

"చూడకుండా ఉంటారా? మామా రెండు దినాలు అన్నం తినలేదు. కొడుకు గట్టిగా అరిచినాడు. నీళ్ళు ఆపమని ఎవరు చెప్పినారు అన్నాడు. ఎవరూ చెప్పలేదు, నేనే మర్చిపోయినా అన్నా. ఇంక యేడాది దాకా సెలవు మాట ఎత్తొద్దు అన్నాడు."

"నా పేరు చెప్పల్సింది కదమ్మా. నీ మీద ఎందుకు ఏసుకున్యావు?"

"చెప్తే ఇంక నీ మాట విననిస్తారా? వచ్చే చలికాలం మళ్ళా నేను ఎవుర్ని అడగల్ల?"

గురవమ్మ దానిమ్మ డ్రమ్ము పక్కన కూర్చుంది.

"నన్ను అడగొద్దు మైమూనా. మూడు నూర్ల చెట్లు చంపుకున్నదాన్ని."

"నిన్నే అడుగుతా. పూస్తే పంపిస్తానన్న మాట మామా ఇంకా ఎనక్కి తీసుకోలేదు." ఆమె అలసటగా నవ్వింది. "యేడాదే కదక్కా. చెప్పు. ఈసారి ఎన్ని దినాలు ఆపల్ల?"

గురవమ్మ ముక్కు చీదుకుని పైటతో తుడుచుకుంది. "చెట్టుకాడికి పో. తడి తగిలినకాడ మన్ను పిడికిట్లో పట్టి గట్టిగా పిసుకు. పిడికిలి విప్పి, ఎట్లుండాదో చెప్పు."

ఫోనులో తలుపు చప్పుడు, నాపరాళ్ళ మీద చెప్పుల చప్పుడు వినిపించాయి. మైమూన్ వంగిందేమో, ఊపిరి దగ్గరగా వచ్చింది.

"ముద్ద నిలబడలేదక్కా. అంతా వేళ్ళ సందున జారిపోయింది."

"అట్లయితే పదైదు దినాలు. అంతే. పదహారో దినం నేనే ఫోను చేసి ఇంకొక్క దినం ఆగమన్నా వినొద్దు, నీళ్ళు పెట్టు."